దొడ్డమ్మ కాగితాలు, తులశమ్మ దావా

మా దొడ్డమ్మ ఎప్పుడొచ్చినా చేతిలో ఏదో ఒకటి ఉండేది. మాగాయ సీసా, లేకపోతే పెరట్లో కోసిన కరివేపాకు, అదీ లేకపోతే బస్టాండు దగ్గర కొన్న సపోటాలు. 2023 వేసవిలో ఒక మధ్యాహ్నం మాత్రం బట్టల షాపు కవరు ఒకటి పట్టుకొచ్చింది. చీర తెచ్చిందేమో అనుకుని "ఎందుకు దొడ్డమ్మా ఇప్పుడు" అన్నాను. అందులో ఉన్నది చీర కాదు. పదేళ్ల కిందట ఇల్లు అన్నయ్య పేరు మీద రాసిచ్చిన దాన సెటిల్‌మెంట్ దస్తావేజు జిరాక్సు, పెదనాన్న మరణ ధ్రువపత్రం, ఆవిడ ఆధార్ కార్డు.

"ఇది చదివి నాకు అర్థమయ్యేట్టు చెప్పవే. నా ఇంట్లో నేను ఎవర్ని?" అంది.

జరిగింది పెద్ద కథేం కాదు. కొట్టలేదు, తిట్టలేదు. ముందు గదిలో ఉండే మంచం వెనక గదిలోకి వెళ్లింది, తర్వాత వరండా పక్కన సామాన్ల గదిలోకి వెళ్లింది. మోకాళ్ల మందులకి డబ్బులడిగితే "వచ్చే నెల చూద్దాం" అన్నమాట నాలుగు నెలలు సాగింది. ఆ వారం ఇల్లు చూడడానికి ఎవరో బ్రోకరుతో వచ్చారు. ఇల్లు అమ్మకానికి పెట్టిన సంగతి ఆవిడకి ఆ బ్రోకరు నోటి నుంచే తెలిసింది.

నేను డిగ్రీ చదివాను గానీ దస్తావేజు చదవడం రాదు. "షరా", "తదనంతరం", "దాఖలు పరచడమైనది" లాంటి మాటలు చూస్తే కళ్లు తిరుగుతాయి. మా కింది వాటాలో ఒక పెద్దాయన ఉంటారు. నలభై ఏళ్లు ప్లీడరు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. మేమంతా గుమాస్తా బాబాయిగారు అంటాం. ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పైకి నెట్టి రెండో పేజీ చదివి, "షరతు రాయించుకోలేదేమ్మా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ కేసులో వకీలు అక్కర్లేదు. చట్టమే వకీలు వద్దంటోంది. నువ్వే నేర్చుకుని రాసిపెట్టు" అన్నారు.

అలా మొదలైంది నా చదువు. రోజూ నాలుగింటికి కాఫీ పట్టుకుని కిందికి వెళ్లేదాన్ని. ఆయన చెప్పేవారు, నేను పిల్లల పాత నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. సెక్షన్లు నేర్చుకుందామని వెళ్లినదాన్ని చరిత్రలో పడ్డాను.

మొదటిరోజు ఆయన చట్టం పేరైనా ఎత్తలేదు. ఒక కథ చెప్పారు. అది నిజంగా జరిగిన దావా. సుప్రీంకోర్టు తీర్పు పుస్తకాల్లో ఉంటుంది.

నెల్లూరు వైపు తులశమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడ భర్త వెంకటసుబ్బారెడ్డి 1931లో పోయాడు. ఆస్తి ఉమ్మడిది, భర్త సవతి తమ్ముడి చేతిలో ఉంది. ఆ రోజుల్లో ఉమ్మడి కుటుంబంలో భర్త పోతే భార్యకి ఆస్తిలో వాటా లేదు, మనోవర్తి మాత్రమే ఉంది. మనోవర్తి అంటే తిండికీ బట్టకీ ఇచ్చేది. పదమూడేళ్లు ఎలా గడిచిందో ఏ తీర్పులోనూ ఉండదు. 1944లో ఆవిడ నెల్లూరు మునసబు కోర్టులో మనోవర్తి కోసం దావా వేసింది. కోర్టు ఫీజు కట్టే స్తోమత లేదని పేదరాలి కింద వేసుకుంది. 1946లో డిక్రీ వచ్చింది. 1949లో రాజీ కుదిరింది. కొంత ఆస్తి ఆవిడకిచ్చారు. అయితే బతికున్నంత కాలం అనుభవించాలి, అమ్మకూడదు, పోయాక తిరిగి మరిది వైపు వాళ్లకే చెందాలి అని రాశారు.

1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. అందులో 14వ సెక్షన్ స్త్రీ దగ్గర ఉన్న ఆస్తికి ఆమే పూర్తి హక్కుదారు అంది. తులశమ్మ 1960లో కొంత కౌలుకిచ్చింది, 1961లో కొంత అమ్మింది. మరిది కోర్టుకెక్కాడు. నీకు జీవితాంతం అనుభవించడానికే కదా ఇచ్చాం, అమ్మడానికి నువ్వెవరు అని. కేసు కింద కోర్టు నుంచి హైకోర్టుకీ అక్కడి నుంచి సుప్రీంకోర్టుకీ పోయింది. 1977 మార్చిలో ముగ్గురు జడ్జీలు తీర్పిచ్చారు. మనోవర్తి అనేది దయ కాదు, అంతకుముందు నుంచీ ఉన్న హక్కు, ఆ హక్కుకి బదులుగా ఇచ్చిన ఆస్తి మీద ఎలాంటి ఆంక్షలు రాసినా 1956 తర్వాత అవి చెల్లవు, ఆస్తి ఆవిడదే అన్నారు.

1944 నుంచి 1977 వరకు లెక్కేస్తే ముప్ఫై మూడేళ్లు. దొడ్డమ్మకి చెబితే, "ముప్ఫై మూడేళ్లు ఎక్కడ బతుకుతానే" అంది. కానీ ఆ పేరు ఆవిడకి పట్టుకుంది. తర్వాత ఎప్పుడు వచ్చినా "మీ తులశమ్మ ఏమంటోంది" అనేది.

ఆ కథ విన్నాక మా అమ్మ ట్రంకు పెట్టెలో ఉన్న పాత కాగితాలు తీసి చూశాను. మా తాతమ్మ పేరు మీద స్టాంపు కాగితం ఒకటి ఉంది. ఏడాదికి ఆరు బస్తాల ధాన్యం, రెండు జతల చీరలు, వంటచెరకు, "నివాసమునకు పడమటి వసారా". చిన్నప్పుడు మేం దాగుడుమూతలాడిన వసారా అదే! ఆవిడ అక్కడ ఉండడం ఆవిడ ఇష్టం అనుకున్నాం ఇన్నాళ్లూ. కాగితంలో రాసి ఉంది కాబట్టి ఉందని అప్పుడు తెలిసింది.

సరే, ముసలి తల్లిదండ్రుల్ని ఎవరు చూడాలి అన్నది మన దగ్గర కొత్త ప్రశ్నేమీ కాదు. కల్యాణిని ఏలిన చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో, అంటే సుమారు తొమ్మిది వందల ఏళ్ల కిందట, విజ్ఞానేశ్వరుడు మితాక్షర రాశాడు. ఆ కల్యాణి ఇప్పుడు బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్, మన జహీరాబాదు దాటితే ఎంతో దూరం లేదు. పదమూడో శతాబ్దంలో తిక్కన కాలపు కవి కేతన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. వ్యాకరణం రాసిన కేతనే ఈ ధర్మశాస్త్రమూ రాశాడని ఇంటర్‌లో చదివి మార్కులు తెచ్చుకుని మర్చిపోయాను. బ్రిటిషువాళ్లు వచ్చాక కోల్‌బ్రుక్ 1810లో మితాక్షరలోని వారసత్వ భాగాన్ని ఇంగ్లీషులోకి మార్చాడు. మద్రాసు కోర్టుల్లో మన కుటుంబాల ఆస్తి తగాదాలు దాని ప్రకారమే నడిచాయి.

ఆ పాత ధర్మంలో ఒక మంచి మాట ఉంది. ముసలి తల్లిదండ్రుల్ని పోషించడం కొడుకు సొంత బాధ్యత, తండ్రి నుంచి ఆస్తి వచ్చినా రాకపోయినా తప్పదు అని. కూతురి పేరు మాత్రం ఎక్కడా లేదు. అప్పటికి కూతురికి కొడుకుతో సమానంగా ఆస్తీ లేదు, బాధ్యతా లేదు.

బ్రిటిషువాళ్లు 1898లో క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ తెచ్చారు. అందులో 488వ సెక్షన్ కింద భార్యాబిడ్డల్ని వదిలేసినవాడి చేత మేజిస్ట్రేటు డబ్బు కట్టించవచ్చు. వాళ్లు దిక్కులేక వీధిన పడకూడదని. తల్లిదండ్రుల ఊసు లేదు. వింతేమిటంటే ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టంలోనే పిల్లలు అమ్మానాన్నల్ని పోషించాలని ఉంది. అక్కడ ఉన్నది ఇక్కడ ఎందుకు రాయలేదు? ఇండియాలో ఉమ్మడి కుటుంబం ఉంది కదా, ముసలివాళ్లకి ఆ బెంగ లేదు అనుకుని ఉంటారని నా ఊహ. ఇప్పటికీ పెళ్లిళ్లలో "మన సంస్కృతిలో వృద్ధాశ్రమాలేమిటండీ" అనేవాళ్లు తగులుతూనే ఉంటారుగా, అలాంటి ఊహే.

ఇంగ్లండు 1948లో పిల్లల మీద ఆ భారం తీసేసి ప్రభుత్వం నెత్తిన వేసుకుంది. మనం సరిగ్గా పాతికేళ్లకి, 1973లో, కొత్త క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో తల్లిదండ్రుల్ని చేర్చాం. అదే 125వ సెక్షన్. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, అందరికీ వర్తిస్తుంది. నెలకి మొత్తం మీద 500 రూపాయలకి మించకూడదని పరిమితి పెట్టారు. 1973లో 500 అంటే డబ్బే. 2001లో ఆ పరిమితి ఎత్తేసేదాకా అదే 500. ఇరవై ఏడేళ్లలో బియ్యం ధర ఎంత పెరిగిందో సరుకుల చీటీ రాసే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇప్పుడు 2024 జూలై నుంచి కొత్త నాగరిక్ సురక్షా సంహితలో అది 144వ సెక్షన్ అయింది.

ఇక కూతుళ్ల సంగతి. ఇక్కడ నేను నోట్‌బుక్కు మూసేసి కాసేపు ఊరికే కూర్చున్నాను.

1956లో వచ్చిన హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో 20వ సెక్షన్ ఉంది. తమను తాము పోషించుకోలేని ముసలి తల్లిదండ్రుల్ని కొడుకు గానీ కూతురు గానీ పోషించాలి అంటుంది. అతడు గానీ ఆమె గానీ అనే అర్థం స్పష్టంగా ఉంది. అంటే బాధ్యతలో ఆడపిల్ల 1956లోనే మగపిల్లాడితో సమానమైపోయింది. తండ్రి స్వార్జితంలో వాటా కూడా ఆ ఏడాదే వచ్చింది, నిజమే. కానీ ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా? మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం సవరించి ఇచ్చింది. అదీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని వాళ్లకే. పెళ్లయిన వాళ్లకి కూడా వచ్చింది 2005 కేంద్ర సవరణతో. బాధ్యతకీ పూర్తి వాటాకీ మధ్య సుమారు యాభై ఏళ్ల తేడా. ముందు పని చెప్పి, జీతం సంగతి తర్వాత చూద్దామన్నట్టు!

పెళ్లైన కూతురు కూడా పోషించాలా అన్న ప్రశ్న 1987లో సుప్రీంకోర్టుకి వెళ్లింది. ముంబై దగ్గర కల్యాణ్‌లో విజయా అర్బత్ అనే డాక్టరు ఉండేది. తండ్రి ఆవిడ మీద 125వ సెక్షన్ కింద మనోవర్తి అడిగాడు. ఆవిడ అడ్డుచెప్పింది. చట్టంలో "అతని తల్లి, తండ్రి" అనే అర్థమొచ్చేలా ఉంది కాబట్టి ఇది కొడుకులకే గానీ నాకు కాదు అని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. అతని అన్నా అందులో ఆమె కూడా ఉన్నట్టే, పెళ్లయినంత మాత్రాన కూతురు కూతురు కాకుండా పోదు, ఒట్టి కూతుళ్లే ఉన్న తల్లిదండ్రులు ఎక్కడికి పోతారు అంది. నాకు ఈ తీర్పు నచ్చింది. నచ్చుతూనే ఎక్కడో గుచ్చుకుంది కూడా. పెళ్లయిందని వాటా దగ్గర పరాయిదాన్ని చేసిన రోజుల్లోనే బాధ్యత దగ్గర సొంతదాన్ని చేశారు.

ఇదంతా పుస్తకాల సంగతి అనుకునేంతలో మా ఇంట్లోకే వచ్చింది. అది తర్వాత చెబుతాను.

ముసలివాళ్లకని ప్రత్యేకంగా చట్టం చేసే ఆలోచన సింగపూరులో వచ్చింది. వాల్టర్ వూన్ అనే లా ప్రొఫెసరు, నామినేటెడ్ ఎంపీ, ప్రైవేటు బిల్లు పెట్టి 1995లో తల్లిదండ్రుల పోషణ చట్టం నెగ్గించాడు. కోర్టు కాకుండా ట్రిబ్యునల్ వినాలి అన్నది అందులో ఉంది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్ 2001లో సొంత చట్టం తెచ్చుకుంది. కేంద్రం 2007లో మీరా కుమార్ సామాజిక న్యాయ మంత్రిగా ఉండగా తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం తెచ్చింది. మన రాష్ట్రానికి రూల్స్ 2011లో వచ్చాయి. అస్సాం 2017లో ఇంకో అడుగు వేసి, అమ్మానాన్నల్ని చూడని ప్రభుత్వ ఉద్యోగి జీతంలోంచే పది శాతం కోసి వాళ్లకిచ్చేలా చట్టం చేసింది. దొడ్డమ్మకి ఇదొక్కటి బాగా నచ్చింది. మా అన్నయ్యది ప్రభుత్వోద్యోగం కాదు, అదొక్కటే ఆవిడ బాధ.

ఎందుకింత ఆలస్యం అని అడిగితే బాబాయిగారు, "అప్పట్లో ముసలివాళ్లు ఎంతమంది ఉండేవారమ్మా" అన్నారు. నిజమే. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన సగటు ఆయుర్దాయం ముప్ఫై రెండేళ్ల దగ్గర ఉండేది. 2011 జనాభా లెక్కల నాటికి అరవై దాటినవాళ్లు పది కోట్ల పైమాటే.

2007 చట్టం నేను పూర్తిగా చదివాను. ముప్ఫై రెండు సెక్షన్లు. మనలాంటి వాళ్లు రెండు మధ్యాహ్నాల్లో చదివేయొచ్చు. అరవై దాటినవాళ్లు గానీ, ఏ వయసు వాళ్లయినా తల్లిదండ్రులు గానీ ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టుకోవచ్చు. స్వయంగా రాలేనివాళ్ల తరఫున వాళ్లు అధికారమిచ్చిన ఇంకెవరైనా పెట్టవచ్చు. నోటీసు అందిన తొంభై రోజుల్లో తేల్చాలి, మహా అయితే ఇంకో ముప్ఫై రోజులు. నెలకి పదివేలు మించకుండా ఇప్పించవచ్చు. పిల్లలు లేనివాళ్లయితే ఆస్తి ఎవరికి వస్తుందో ఆ బంధువు చూడాలి. ఈ సంగతి మీ ఇళ్లలో ఉన్న పిన్నులకీ మేనత్తలకీ తప్పకుండా చెప్పండి. పిల్లలు అంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలి పేరు లేదు, అల్లుడి పేరు లేదు. 2019లో వాళ్లనీ చేరుస్తూ ఒక సవరణ బిల్లు పెట్టారు గానీ అది చట్టం కాలేదు.

పదిహేడో సెక్షన్ దగ్గర నాకు ధైర్యం వచ్చింది. ట్రిబ్యునల్ ముందు ఏ పక్షం తరఫునా వకీలు వాదించకూడదు అని ఉంది. డబ్బున్న కొడుకు పెద్ద వకీలుని పెట్టి ముసలితల్లిని తిప్పించకూడదని అలా రాశారు. కేరళ హైకోర్టు 2021లో ఆ నిషేధం చెల్లదంది, అది వేరే సంగతి. మా అన్నయ్య వకీలుని పెట్టలేదు. అర్జీ నేనే రాశాను, చక్కగా తెల్లకాగితం మీద, మూడుసార్లు తిరగరాసి. మొదటిసారి రాసిందాంట్లో వదినని తిట్టిన వాక్యాలు నాలుగున్నాయి. బాబాయిగారు ఎర్రపెన్నుతో కొట్టేసి, "ఆవిడ పార్టీయే కాదు. నెలకి మందులకెంత, తిండికెంత, ఆవిడకి వచ్చే పెన్షనెంత, అవి రాయి" అన్నారు. అంకెలు రాయడం మొదలెట్టాక నా కోపం కాస్త తగ్గింది.

ఆర్డీవో ఆఫీసులో ఆ రోజు మాతోపాటు ఇంకో ఆరుగురు ముసలివాళ్లున్నారు. అందరి చేతుల్లోనూ బట్టల షాపు కవర్లే. లోపల దొడ్డమ్మని "మీ అబ్బాయి మీకేం లోటు చేశాడమ్మా" అని అడిగారు. ఆవిడ తలొంచుకుని, "వాడు మంచివాడేనండీ" అంది. నేను రాసిన మూడు పేజీలు ఒక్క మాటతో పోయాయి అనుకున్నాను. కాసేపాగి మళ్లీ తనే అంది, "మందులకి డబ్బులడగాలంటే సిగ్గుగా ఉందండీ. నా ఇంటికి అద్దె ఇస్తున్నాడనుకుని ఇమ్మనండి."

అన్నయ్య ఊరుకోలేదు. "నేనొక్కణ్ణేనా, అక్క లేదా" అన్నాడు. చట్టం ప్రకారం ఆ మాట తప్పు కాదు. ఒకరి మీద అర్జీ పడితే బాధ్యత ఉన్న మిగతా పిల్లల్నీ కేసులోకి లాగవచ్చు. అక్కకి నోటీసు వెళ్లింది. ఇంట్లో వాటా అడగని అక్క, రిజిస్ట్రేషన్‌కి సాక్షి సంతకం కూడా పెట్టిన అక్క, తర్వాతి వాయిదాకి తెల్లవారుజాము బస్సులో వచ్చింది. అన్నయ్యని ఒక్క మాట అనలేదు. "రెండు వేలు ఇస్తానండీ. నా దగ్గరికి రమ్మంటే అమ్మే రాదు, అల్లుడింట్లో ఎన్నాళ్లుంటానంటుంది" అంది. విజయా అర్బత్ కేసు పుస్తకంలో చదివినప్పుడు కోర్టుని మెచ్చుకున్నదాన్ని, ఆ రోజు అక్క చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

నెలకి అన్నయ్య ఏడు వేలు, అక్క రెండు వేలు బ్యాంకులో వేయాలని ఆర్డరు వచ్చింది. ఇల్లు మాత్రం తిరిగి రాలేదు.

దానికి కారణం ఇరవై మూడో సెక్షన్. ఈ చట్టంలో అసలు ప్రాణం అదే. ఈ చట్టం వచ్చాక, నా అవసరాలు చూసుకోవాలి అనే షరతుతో ఆస్తి రాసిచ్చి, పుచ్చుకున్నవాళ్లు చూడకపోతే, అది మోసంతోనో బలవంతంతోనో రాయించుకున్నట్టే లెక్క, ట్రిబ్యునల్ రద్దు చేయవచ్చు. అంతకుముందైతే ఆస్తి బదిలీ చట్టం ప్రకారం ఇచ్చిన దానం ఇచ్చినవాళ్ల ఇష్టం మీద వెనక్కి తీసుకోవడానికి లేదు, సివిల్ కోర్టులో ఏళ్లూ పూళ్లూ తిరగాలి. కానీ షరతు ఉండాలి. మా అర్జీకి ఆరు నెలల ముందే, 2022 డిసెంబరులో, సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు షరతు ఉన్నట్టు చూపిస్తేనే రద్దు అని తేల్చింది. దొడ్డమ్మ దస్తావేజులో ఉన్నది "నీ యందు గల ప్రేమాభిమానముల చేత" అన్న ఒక్క ముక్కే.

2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసు వచ్చింది. మధ్యప్రదేశ్ తల్లి ఒకావిడ కొడుక్కి ఇల్లు దానం చేసింది. చివరిదాకా చూసుకుంటాను అని కొడుకు విడిగా ఒక కాగితం రాసిచ్చాడు. ఈ చట్టం ముసలివాళ్ల మేలు కోసం చేసింది, అక్షరం పట్టుకుని వేలాడకూడదు అని కోర్టు ఆ దానం రద్దు చేసింది. అదే ఏడాది మద్రాసు హైకోర్టు ప్రేమాభిమానాలతో ఇచ్చాను అంటేనే చూసుకుంటారనే ఆశ అందులో ఉన్నట్టే అంది. నేను ఆ వార్త పట్టుకుని దొడ్డమ్మకి ఫోన్ చేశాను. మళ్లీ ప్రయత్నిద్దామా అని. "వద్దులేవే. మంచం ముందు గదిలోకి తెచ్చాడు. ఇప్పుడు కదిలిస్తే మళ్లీ వెనక్కి పోతుంది" అంది. బ్రోకర్లు రావడం ఆగిపోయింది. ఆర్డరుకి భయపడో, సిగ్గుపడో, నాకు తెలీదు.

ఇంతవరకు చదివి ముసలివాళ్లంతా మంచివాళ్లు, కొడుకులూ కోడళ్లూ చెడ్డవాళ్లు అనుకోకండి. ఇదే చట్టాన్ని కోడల్ని గెంటేయడానికి వాడినవాళ్లూ ఉన్నారు. బెంగళూరులో ఎస్. వనిత అనే ఆవిడ కేసు చూడండి. భర్త కొన్న ఇల్లు మామగారికి అమ్మాడు, మామగారు దాన్ని అత్తగారికి దానం చేశాడు. విడాకుల కేసు నడుస్తుండగా అత్తమామలు మేం వయోవృద్ధులం, కోడల్ని ఖాళీ చేయించండి అని అర్జీ పెట్టారు. అధికారులు ఖాళీ చేయమన్నారు. 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది. వృద్ధుల చట్టం ఎంత ముఖ్యమో గృహహింస చట్టం ఇచ్చిన కాపురమున్న ఇంట్లో ఉండే హక్కూ అంతే ముఖ్యం, ఒకదానితో ఇంకోదాన్ని చంపకూడదు అంది. నేను దొడ్డమ్మ అర్జీ రాస్తున్నప్పుడు ముసలితల్లి వైపు, ఈ తీర్పు చదువుతున్నప్పుడు కోడలి వైపు ఉన్నాను.

అసలు ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన శ్రావణంలో మా అత్తయ్యగారు ఇల్లు మా ఇద్దరి పేరు మీద రాసేస్తానన్నారు. ఆవిడకి డెబ్బై నాలుగు. మావయ్యగారు ఆవిడ పేరు మీదే కొన్నారు. "తర్వాత మీకు ఇబ్బంది లేకుండా ఇప్పుడే చేసేస్తా" అన్నారు. వీలునామా రాయండత్తయ్యా, ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఇద్దరు సాక్షులు చాలు అన్నాను. వినలేదు, రిజిస్ట్రీ అయితేనే ఆవిడకి నిద్రపడుతుందిట. అయితే షరతు రాయిద్దాం అన్నాను.

ఆవిడ మొహం చిన్నబోయింది. "షరతేమిటమ్మాయ్? నిన్ను నమ్మక రాయించుకున్నాననుకోరూ నలుగురూ?" మావారు పేపరు చాటునే ఉన్నారు. రెండు రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఆవిడకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. మా వదిన కూడా పెళ్లైన కొత్తలో దొడ్డమ్మ కాళ్లకి నూనె రాసేది. నేను కళ్లారా చూశాను. నన్ను నేను ఎంతవరకు నమ్మచ్చు అన్నది నా ప్రశ్న. అది ఆవిడతో అనలేక దొడ్డమ్మని ఫోన్‌లో పెట్టి ఇచ్చాను. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో చెప్పలేదు.

దస్తావేజు రాసే ఆయన, "ఇలాంటివి మామూలుగా పెట్టరండీ, బ్యాంకు లోన్లకి అడ్డమొస్తాయి" అని నసిగాడు. రానీండి అన్నాను. ఆవిడ యావజ్జీవం ఇంట్లో ఉండే హక్కు ఆవిడదే, ఆహారం, బట్టలు, నివాసం, వైద్యం మేమిద్దరం చూడాలి, చూడకపోతే ఈ సెటిల్‌మెంట్ రద్దు చేయించుకునే హక్కు ఆవిడకుంది అని రాయించాం. సబ్ రిజిస్ట్రారు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చుని ఆవిడకి మొత్తం చదివి వినిపించాను. ఆ షరతు దగ్గరికొచ్చాక ఆపి, మళ్లీ చదవమన్నారు. చదివాను.

"పొద్దున్నే కాఫీ ఆహారంలోకే వస్తుందా?" అన్నారు.

వస్తుందన్నాను. అయితే సరే అని లోపలికి నడిచారు, వేలిముద్ర వేయడానికి.